ఎత్తుకు ఏ రంగు? సాలూరు మన్యం పటాలలో వర్ణశ్రేణి ఎంపిక

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు పట్టణం వేగావతి నది ఒడ్డున, సముద్రమట్టానికి సుమారు 118 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి వాయవ్యంగా సరళరేఖలో చూస్తే దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోనే, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, 1,672 మీటర్ల ఎత్తైన దేవమాలి శిఖరం ఉంది. ఈ కొద్ది దూరంలోనే వరి పండే పల్లపు మడులు, చెరువుల కింది ఆయకట్టు, వర్షాధారపు మెట్ట భూములు, జీడిమామిడి తోటలు, చోడి, సామ వేసే కొండవాలు పోడు, ఆపైన చల్లని పీఠభూమి ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుందన్న సాధారణ సూత్రాన్ని బట్టి, సాలూరుకూ 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరికీ మధ్య 5 డిగ్రీల తేడా ఉంటుంది. పంటల ఎంపికలోనూ విత్తే సమయంలోనూ నీటి పారుదలలోనూ ఎత్తు ఇంత ప్రభావం చూపే ప్రాంతం కోస్తా జిల్లాలలో అరుదు.

ఇటువంటి ప్రాంతానికి ఎత్తుల పటం తయారు చేయడం నేడు కష్టమైన పని కాదు. ఉపగ్రహ సమాచారం ఉచితంగా లభిస్తుంది. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక విద్యార్థి అరగంటలో పటం సిద్ధం చేయగలడు. అయితే చివరి అడుగులో, అంటే ఏ ఎత్తుకు ఏ రంగు వేయాలన్న చోట, చాలామంది సాఫ్ట్‌వేర్ తనంతట తాను చూపిన రంగులనే ఉంచేస్తారు, లేదా కంటికి నచ్చిన రంగులు ఎంచుకుంటారు. దీనిని అలంకారంగా భావించడమే పొరపాటు. పటంలో రంగు ఎక్కడ మారుతుందో అక్కడ నేలపై కూడా ఒక సరిహద్దు ఉందని చదివేవారు నమ్ముతారు. కనుక రంగు మారే ఎత్తు వ్యవసాయం మారే ఎత్తుతో సరిపోలకపోతే, అంకెలన్నీ సరిగా ఉన్నా పటం తప్పుదారి పట్టిస్తుంది.

రంగుల వెనుక ఉన్న అంకెలు

ఎత్తుల పటానికి ఆధారం డీఈఎం, అంటే భూమిని చిన్న చిన్న చదరాలుగా విభజించి ప్రతి చదరానికీ ఒక ఎత్తును ఇచ్చే అంకెల పట్టిక. 2000 సంవత్సరం ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం సమాచారం, భారత ఉపగ్రహం కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి తయారై ఇస్రో భువన్ వేదికలో లభించే కార్టోడెమ్, ఐరోపా వారి కోపర్నికస్ డీఈఎం మన ప్రాంతానికి ఎక్కువగా వాడుకలో ఉన్నవి. మూడింటిలోనూ ఉచితంగా లభించే సమాచారంలో ఒక్కో చదరం భుజం సుమారు 30 మీటర్లు. అంటే ఒక్కో చదరం దాదాపు 22 సెంట్ల నేలకు ఒకే ఎత్తును చెబుతుంది.

రంగులు ఎంచుకునే ముందు ఈ అంకెల విషయంలో రెండు సంగతులు తెలియాలి. మొదటిది, ఎత్తును ఎక్కడి నుంచి కొలిచారన్నది. ఎస్‌ఆర్‌టీఎం, కోపర్నికస్ ఎత్తులు సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే జియాయిడ్ నుంచి లెక్కించినవి. కార్టోడెమ్ ఎత్తులు మాత్రం డబ్ల్యూజీఎస్-84 అనే గణిత దీర్ఘగోళం నుంచి లెక్కించినవి. దక్షిణ భారతంలో సముద్రమట్టం ఈ దీర్ఘగోళం కంటే పదుల మీటర్లు దిగువన ఉంటుంది. అందువల్ల కార్టోడెమ్‌ను యథాతథంగా తెరిస్తే, సుమారు 74 మీటర్ల ఎత్తున్న విజయనగరం సున్నాకు చేరువగానూ, తీర మండలాలలోని పల్లపు నేల సున్నాకు దిగువన ఋణ విలువలతోనూ కనిపిస్తాయి. సున్నాకు దిగువన నీలం వేసే సిద్ధ వర్ణశ్రేణిని దీనికి తగిలిస్తే పొలాలు సముద్రంలా కనిపిస్తాయి. ఈ పొరపాటు రంగులో బయటపడుతుంది కానీ దాని మూలం ఆధార తలంలో ఉంది. జియాయిడ్ సవరణ చేసిన తరువాతే రంగు వేయాలి.

రెండవది, పొరపాటు పరిమాణం. ఎస్‌ఆర్‌టీఎంకు మొదట నిర్దేశించిన ప్రమాణం 16 మీటర్లు. తరువాతి పరీక్షలలో ఐరోపా, ఆసియా భూభాగంలో 90 శాతం చోట్ల పొరపాటు సుమారు 6 మీటర్ల లోపే ఉందని తేలింది. అడవి ఉన్న చోట రాడార్ తరంగం నేలను పూర్తిగా తాకక చెట్ల కొమ్మల నుంచి కూడా తిరిగి వస్తుంది కనుక అక్కడ ఎత్తు కాస్త ఎక్కువగా నమోదవుతుంది. ఒత్తుగా పెరిగిన తోటలకూ ఇదే వర్తిస్తుంది. 5 మీటర్లకు ఒక రంగు చొప్పున పటం వేస్తే అందులో కనిపించే మెట్లు చాలావరకు నేలవి కావు, పరికరానివి.

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగులు ఏమి దాస్తాయి?

సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, విజయనగరం పట్టణాలతో పాటు దేవమాలి కూడా వచ్చేలా ఒక పటం తీసుకున్నామనుకుందాం. కనిష్ఠం 60 మీటర్లు, గరిష్ఠం 1,672 మీటర్లు అయితే మొత్తం వ్యత్యాసం 1,612 మీటర్లు. దీనిని సమాన అంతరంతో 10 తరగతులుగా విభజిస్తే ఒక్కో తరగతి వెడల్పు 161 మీటర్లు. మొదటి తరగతి 60 నుంచి 221 మీటర్ల వరకు విస్తరిస్తుంది.

ఇప్పుడు పట్టణాల సగటు ఎత్తులు చూడాలి. విజయనగరం 74 మీటర్లు, బొబ్బిలి 103, సాలూరు 118, పార్వతీపురం 120. నాలుగూ ఒకే రంగులో పడతాయి. మైదానంలోని వరి మడులు, చెరువులు, కాలువలు, గెడ్డల దిగువ భాగాలు అన్నీ ఆ ఒక్క రంగులోనే మునిగిపోతాయి. మిగిలిన 9 రంగులూ కొండలకు వెళతాయి. జనాభాలో ఎక్కువ మంది నివసించే, పంటలో ఎక్కువ భాగం పండే నేలకు ఒక్క రంగు దక్కింది.

తరగతులు లేకుండా 256 ఛాయలతో అవిచ్ఛిన్నంగా రంగు వేసినా ఈ సమస్య పూర్తిగా తీరదు. ఒక్కో ఛాయ 6.3 మీటర్లకు ప్రతినిధి అవుతుంది. విజయనగరం నుంచి సాలూరు వరకు ఉన్న 44 మీటర్ల తేడాకు దక్కేవి 7 ఛాయలు. కాగితంపై ఆ తేడా కంటికి దాదాపుగా ఆనదు.

దీనికి పరిష్కారంగా కొందరు సమాన వైశాల్య పద్ధతిని ఎంచుకుంటారు. ఇందులో ప్రతి రంగుకూ దాదాపు సమాన సంఖ్యలో చదరాలు వస్తాయి కనుక మైదానానికి ఎక్కువ రంగులు దక్కుతాయి. ఇంకొందరు అటు ఇటు 2 శాతం చివరి విలువలను వదిలి మిగిలిన విలువలకే రంగులు పంచుతారు. రెండూ మెరుగైనవే. కానీ రెండింటిలోనూ విరామాలు ఆ పటం చుట్టుకొలతను బట్టి మారిపోతాయి. సాలూరు మండలానికి ఒకటి, బొబ్బిలి మండలానికి ఒకటి విడివిడిగా తయారు చేసి గోడపై పక్కపక్కన తగిలిస్తే, ఒకే రంగు ఒక పటంలో 130 మీటర్లనూ మరొక పటంలో 95 మీటర్లనూ సూచించవచ్చు. తెరపై కనిపించే భాగానికి తగినట్లు కనిష్ఠ, గరిష్ఠాలను సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు మార్చుకునే అమరికలో అయితే పటాన్ని కాస్త జరిపితే చాలు, అదే పొలం రంగు మారిపోతుంది. విస్తరణ పనికి వాడే పటంలో విరామాలు స్థిరంగా ఉండాలి.

ఆకుపచ్చ అంటే పంట కాదు

పల్లానికి ఆకుపచ్చ, ఎత్తుకు గోధుమ, శిఖరానికి తెలుపు అన్న ఆచారం పాఠశాల అట్లాసుల ద్వారా అందరికీ అలవాటైంది. ఈ ఆచారం ఐరోపాలో పుట్టింది. 19వ శతాబ్దంలో ఆస్ట్రియా సైనికాధికారి ఫ్రాంజ్ ఫాన్ హౌస్లాబ్ ఎత్తు పెరిగే కొద్దీ రంగు ముదరాలన్న నియమాన్ని ప్రతిపాదించాడు. ఊర్లూ దారులూ పేర్లూ ఎక్కువగా ఉండే పల్లపు నేల లేతగా ఉంటే పటం చదవడానికి వీలుగా ఉంటుందన్నది ఆ నియమం వల్ల కలిగే ప్రయోజనం. జర్మనీకి చెందిన ఎమిల్ ఫాన్ సిడోవ్ పాఠశాల అట్లాసులతో పల్లానికి ఆకుపచ్చ, ఎత్తుకు గోధుమ అన్న పద్ధతి వ్యాపించింది. ఎడిన్‌బరోలోని బార్తొలొమ్యూ సంస్థ పటాలు దానిని ప్రపంచమంతటికీ పరిచయం చేశాయి. 1898లో కార్ల్ ప్యూకర్ వర్ణపటాన్ని అనుసరించిన మరొక శ్రేణిని ప్రతిపాదించాడు. స్విట్జర్లాండ్ పటకర్త ఎడ్వర్డ్ ఇమ్‌హోఫ్ 1965లో ప్రచురించిన గ్రంథంలో ఈ పద్ధతులన్నిటినీ విశ్లేషించాడు.

తడి నేలలతో ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉండే ఐరోపా మైదానానికీ, మంచు కప్పిన ఆల్ప్స్ శిఖరాలకూ ఈ రంగులు సహజంగా కుదిరాయి. సాలూరు ప్రాంతంలో పరిస్థితి వేరు. డిసెంబరు, జనవరి నెలల్లో వరి కోత పూర్తయ్యాక పల్లపు మడులు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. అదే సమయంలో అడవి కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి. పటంలో పల్లం పచ్చగా, కొండ గోధుమగా కనిపిస్తే, ఆ రంగులు నేలపై కనిపించే దానికి తలకిందులుగా ఉంటాయి. దేవమాలిపై మంచు పడదు కనుక శిఖరాన ఉన్న తెలుపుకు అక్కడ అర్థం లేదు.

అలవాటు పడిన వృత్తి నిపుణులకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కానీ గ్రామసభలో పటం చూసే రైతు, కొత్తగా విధుల్లో చేరిన గ్రామ వ్యవసాయ సహాయకుడు పచ్చరంగును పంటగా, సాగునీటి సౌకర్యంగా, సారవంతమైన నేలగా చదివే అవకాశం ఎక్కువ. ఉపగ్రహ చిత్రాల నుంచి తయారయ్యే పచ్చదన సూచిక పటాలు అదే కార్యాలయంలో అదే గోడపై ఉంటాయి. వాటిలో పచ్చ నిజంగానే మొక్కల పచ్చదనాన్ని సూచిస్తుంది. ఒకే రంగు రెండు పటాలలో రెండు అర్థాలతో ఉండటం విస్తరణ పనికి మేలు చేయదు. ఆకుపచ్చను వృక్ష సంపదకు, నీలాన్ని నీటికి కేటాయించి, ఎత్తును ఈ రెండూ కాని రంగులతో చూపడం క్షేమకరం. పాచిపెంట మండలంలోని పెద్దగెడ్డ జలాశయం, సువర్ణముఖిపై ఉన్న వెంగళరాయ సాగర్ పటంలో నీలంగా స్పష్టంగా నిలవాలంటే పల్లపు నేలకు నీలం ఛాయ సోకకూడదు.

ఇంద్రధనుస్సు శ్రేణి, జిరాక్సు పరీక్ష

శాస్త్రీయ సాఫ్ట్‌వేర్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న మరొక శ్రేణి ముదురు నీలంతో మొదలై ఆకాశనీలం, ఆకుపచ్చ, పసుపు మీదుగా ముదురు ఎరుపుతో ముగుస్తుంది. చూడగానే ఆకర్షించే ఈ శ్రేణి పైన పరిశోధకులు ఏళ్ల తరబడి అభ్యంతరాలు తెలుపుతూనే ఉన్నారు. కారణాలు స్పష్టమైనవి.

మొదటిది, రంగులకు సహజమైన వరుస క్రమం లేదు. లేత బూడిద, ముదురు బూడిదలలో ఏది ఎక్కువో ఎవరైనా చెబుతారు. పసుపు ఎక్కువా ఆకుపచ్చ ఎక్కువా అంటే సూచిక చూడక తప్పదు. రెండవది, పసుపు, ఆకాశనీలం చోట్ల కంటికి పదునైన అంచులు కనిపిస్తాయి. నేలపై వాలు నిలకడగా పెరుగుతున్నా పటంలో అక్కడ గట్టు ఉన్నట్లు తోస్తుంది. ఆకుపచ్చ భాగంలో దీనికి విరుద్ధంగా నిజమైన తేడాలు కలిసిపోతాయి. మూడవది, ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని వారు పురుషులలో గణనీయంగా ఉన్నారు. ఐరోపా సంతతి పురుషులలో వీరు సుమారు 8 శాతం. భారతదేశంలో ఈ నిష్పత్తి తక్కువే అయినా ఏ సమావేశంలోనైనా ఒకరిద్దరు ఉండవచ్చు.

నాలుగవ కారణం క్షేత్రస్థాయిది. రంగుల్లో తయారైన పటం మండల కార్యాలయం నుంచి రైతు సేవా కేంద్రానికి చేరేసరికి తరచూ నలుపు, తెలుపు జిరాక్సు ప్రతి అవుతుంది. రంగును బూడిద ఛాయగా మార్చే సాధారణ సూత్రంలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 భారాలు ఉంటాయి. 0 నలుపు, 255 తెలుపు అయిన కొలమానంలో శుద్ధ పసుపు 226 వద్ద, ఆకాశనీలం 179 వద్ద, ఆకుపచ్చ 150 వద్ద నిలుస్తాయి. ఈ శ్రేణికి మొదట ఉండే ముదురు నీలం 15కు, చివర ఉండే ముదురు ఎరుపు 38కి దిగిపోతాయి. అంటే జిరాక్సు ప్రతిలో అత్యంత పల్లమూ అత్యున్నత శిఖరమూ రెండూ నల్లగా ఒకేలా కనిపిస్తాయి. ముంపుకు గురయ్యే గెడ్డ ఒడ్డునూ కొండ కొమ్మునూ వేరు చేయలేని పటం ఎవరికీ ఉపయోగపడదు.

ఐదవది, ఎరుపుకు ఉన్న సామాజిక అర్థం. భారత వాతావరణ శాఖ హెచ్చరికలలో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు వరుసగా ముప్పు పెరుగుదలను సూచిస్తాయి. తుపానులు తరచుగా వచ్చే ఉత్తరాంధ్రలో ఈ భాష అందరికీ తెలిసినదే. ఇంద్రధనుస్సు పటంలో కొండలు ఎరుపుగా, మైదానం పచ్చ, నీలాలలో కనిపిస్తే కొండకు ముప్పు, పల్లానికి క్షేమం అన్న తప్పు సందేశం అందుతుంది. భారీ వర్షం కురిసినప్పుడు పొంగిన గెడ్డలు ముంచేది మాత్రం పల్లపు పొలాలనే.

ఈ లోపాలను దృష్టిలో ఉంచుకొనే లేత నుంచి ముదురుకు, లేదా ముదురు నుంచి లేతకు ఒకే దిశలో సాగే శ్రేణులు వచ్చాయి. సింథియా బ్రూవర్ రూపొందించిన కలర్‌బ్రూవర్, 2015లో వచ్చిన విరిడిస్, వర్ణాంధత్వాన్ని ప్రత్యేకంగా దృష్టిలో పెట్టుకున్న సివిడిస్ వీటిలో ప్రసిద్ధమైనవి. అన్నీ క్యూజీఐఎస్‌లో వాడుకోవచ్చు. అయితే విరిడిస్‌లో పల్లపు చివర ముదురు ఊదాగా ఉంటుంది. ఊర్ల పేర్లు, కాలువలు, రోడ్లు ఎక్కువగా ఉండే మైదానం ముదురుగా ఉంటే వాటిని చదవడం కష్టం. అందువల్ల విరిడిస్‌ను తిరగేసి వాడటం గానీ, హౌస్లాబ్ నియమాన్ని అనుసరించి పల్లం లేతగా, ఎత్తు ముదురుగా ఉండే శ్రేణిని ఎంచుకోవడం గానీ మేలు.

విరామాలు ఎక్కడ ఉండాలి?

రంగుల ఎంపిక కంటే విరామాల ఎంపికే ముఖ్యమైనది. భారత సర్వేక్షణ విభాగం 1:50,000 స్థలాకృతి పటాలలో సాధారణంగా 20 మీటర్లకు ఒక కాంటూరు రేఖ ఉంటుంది. సాలూరు సుమారు 18 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశంపై, అంటే 18 డిగ్రీల 30 నిమిషాల రేఖకు కాస్త ఉత్తరాన ఉంది. కనుక పాత వరుస సంఖ్యలలో 65 ఎన్/2 షీటుతో పాటు దిగువ భాగానికి 65 ఎన్/3 షీటు కూడా అవసరమవుతుంది. మైదానంలో రంగు తరగతికి 20 మీటర్ల వెడల్పు తీసుకుంటే అది ఈ పటాలతో పోల్చి చూడటానికి వీలుగానూ, డీఈఎం పొరపాటు కంటే తగినంత పెద్దదిగానూ ఉంటుంది.

100, 120, 140 వంటి గుండ్రని అంకెల వద్ద విరామాలు పెట్టడం సహజంగా తోస్తుంది. కానీ 118 మీటర్ల సాలూరు, 120 మీటర్ల పార్వతీపురం సరిగ్గా 120 విరామానికి అంటుకొని ఉన్నాయి. డీఈఎంలో 6 మీటర్ల పొరపాటు ఉన్నప్పుడు ఆ పట్టణాలూ వాటి చుట్టుపక్కల పొలాలూ రెండు రంగుల మచ్చలుగా చీలిపోతాయి. లేని సరిహద్దు పటంలో పుట్టుకొస్తుంది. విరామాన్ని 10 మీటర్లు జరిపితే ఈ సమస్య తప్పుతుంది. సాలూరు పరిసరాలకు నమూనాగా ఈ 8 తరగతులను పరిశీలించవచ్చు.

1. 90 మీటర్ల లోపు: విజయనగరం వైపు దిగువ మైదానం.
2. 90 నుంచి 110: బొబ్బిలి పరిసరాలు.
3. 110 నుంచి 130: సాలూరు, పార్వతీపురం పరిసరాలు.
4. 130 నుంచి 150: కొండపాదానికి చేరువైన నేల.
5. 150 నుంచి 300: కొండపాదపు వాలు, చిన్న గుట్టలు.
6. 300 నుంచి 600: నిటారు వాలు, లోయల తలభాగాలు.
7. 600 నుంచి 900: ఎగువ వాలు, పీఠభూమి అంచు.
8. 900 పైన: పీఠభూమి, శిఖరాలు.

మైదానంలో అంతరం 20 మీటర్లు, కొండలలో 300 మీటర్లు. ఎత్తు పెరిగే కొద్దీ అంతరం పెంచే ఈ పద్ధతి పాత అట్లాసు కర్తలకు బాగా తెలిసినదే. మైదానంలో 20 మీటర్ల తేడా నీటి దిశను నిర్ణయిస్తుంది. 700 మీటర్ల ఎత్తున ఉన్న కొండవాలుపై అదే 20 మీటర్లు కొద్దిపాటి నడకలో దాటిపోతాయి. ఇక 900 మీటర్ల విరామానికి వ్యవసాయ ప్రాధాన్యం ఉంది. కాఫీ సాగుకు పేరొందిన అరకులోయ సుమారు ఈ ఎత్తులోనే ఉంది. శీతల వాతావరణం కోరే పంటల గురించి ఆలోచించేటప్పుడు ఈ గీత ఉపయోగపడుతుంది.

ఈ 8 తరగతులకు వెన్న రంగు నుంచి ముదురు గోధుమ వరకు ఒకే వరుసలో రంగులు ఇవ్వవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మొదటి రంగుకు 250, 243, 224గా, చివరి రంగుకు 110, 75, 45గా తీసుకుంటే, వాటి బూడిద విలువలు 243, 82 అవుతాయి. మధ్య రంగులను సమాన మెట్లతో నింపితే ఒక్కో తరగతికి సుమారు 23 తేడా వస్తుంది. జిరాక్సు ప్రతిలో కూడా వరుస చెడదు. అయితే 8 ఛాయలకు మించి పెంచితే సూచికతో పోల్చి గుర్తించడం కష్టమవుతుంది.

విద్యార్థులు గమనించవలసిన సాంకేతికాంశం ఒకటి ఉంది. క్యూజీఐఎస్‌లో విడి తరగతుల అమరికను ఎంచుకున్నప్పుడు ప్రతి వరుసలో రాసే విలువ ఆ తరగతి పై హద్దు, కింది హద్దు కాదు. చివరి తరగతి విలువను అనంతంగా ఉంచాలి. ఇది తెలియక కింది హద్దులు రాస్తే పటమంతా ఒక తరగతి జరిగిపోతుంది. సూచిక మాత్రం చూడటానికి సక్రమంగానే ఉంటుంది కనుక పొరపాటు ఎవరి కంటా పడదు.

కొండనీడతో జాగ్రత్త

రంగుల పొర కింద కొండనీడ పొరను ఉంచితే భూస్వరూపం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్లలో వెలుగు వాయవ్యం నుంచి, అంటే 315 డిగ్రీల దిశ నుంచి, 45 డిగ్రీల ఎత్తున పడుతున్నట్లు ముందుగానే అమరి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు అక్కడ ఉండడు. అయినా పటం పై ఎడమ మూల నుంచి వెలుగు రావడాన్ని కన్ను సహజంగా స్వీకరిస్తుంది. వెలుగును ఆగ్నేయం నుంచి ఇస్తే చాలామందికి కొండలు గుంటలుగా, లోయలు గట్లుగా తోస్తాయి.

తూర్పు కనుమలు ఈ భాగంలో స్థూలంగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. వాయవ్యపు వెలుగు వాటిపై అడ్డంగా పడుతుంది కనుక శిఖర శ్రేణులు చక్కగా తేలుతాయి. కానీ సాలూరు వైపు దిగే ప్రధాన వాలు ఆగ్నేయాభిముఖంగా ఉంది. వాయవ్యపు వెలుగులో అదంతా నీడలో పడిపోతుంది. గిరిజన గూడేలు, పోడు భూములు, గెడ్డల ఊటలు ఉండేది ఆ వాలుపైనే. ముదురు గోధుమ రంగుపై ముదురు నీడ కూడా పడితే గూడేల పేర్లు చదవడానికి వీలుండదు. పటంలో కనిపించని గూడెం ప్రణాళికలో కూడా కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. అందువల్ల కొండనీడను 30 శాతం తీవ్రతకు మించకుండా ఉంచడం, పలు దిశల వెలుగును కలిపే పద్ధతిని వాడటం, కొండలపై పేర్లకు తెల్లని అంచు ఇవ్వడం అవసరం. నీడ ఎక్కువైతే పటంలోని రంగు సూచికలోని రంగుతో సరిపోలదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఎత్తు వేరు, వాలు వేరు

ఎత్తుల పటాన్ని చూసి వాలును ఊహించడం మరొక సాధారణ పొరపాటు. 900 మీటర్ల ఎత్తున చదునైన పీఠభూమి ఉండవచ్చు, 200 మీటర్ల వద్ద నిటారు గుట్ట ఉండవచ్చు. గట్లు వేయాలా, మెట్ల పొలాలు చేయాలా, తోట పెట్టాలా అన్న నిర్ణయానికి ఎత్తు కంటే వాలే ముఖ్యం. దానికి ప్రత్యేకంగా వాలు పటం తయారు చేసి, భూమి సామర్థ్య వర్గీకరణలో వాడే 3, 5, 10, 15, 25, 33 శాతం హద్దుల వద్ద విరామాలు ఉంచాలి. ఎత్తుల పటానికి వాడిన గోధుమ శ్రేణిని దీనికి వాడకుండా వేరొక ఏకవర్ణ శ్రేణిని కేటాయిస్తే రెండు పటాలు తారుమారు కావు.

వాలు లెక్కించే ముందు డీఈఎంను మీటర్ల కొలతలోకి, ఈ ప్రాంతానికి యూటీఎం 44వ ఉత్తర మండలంలోకి మార్చాలి. ఎత్తు మీటర్లలో, దూరం డిగ్రీలలో ఉండగా లెక్కిస్తే ప్రతి పొలమూ నిలువు గోడ అవుతుంది. మార్చిన తరువాత కూడా 30 మీటర్ల చదరంలో 1 శాతం వాలు అంటే 30 సెంటీమీటర్ల ఎత్తు తేడా మాత్రమే. పరికరపు పొరపాటు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక మైదానంలో 1 శాతం వాలునూ 3 శాతం వాలునూ ఈ సమాచారంతో వేరుచేయడం సాధ్యం కాదు. చెరువు ఆయకట్టులో ఏ మడికి నీరు ఎక్కుతుందన్న ప్రశ్నకు లెవెలింగ్ పరికరం, కొండవాలుపై కాంటూరు కందకం గీయడానికి ఏ-ఫ్రేమ్ ఇప్పటికీ తప్పనిసరి. రంగుల పటం ఎక్కడ కొలవాలో చెబుతుంది. కొలత పని అది చేయదు.

విస్తరణ సిబ్బందికి సూచనలు

* డీఈఎం ఆధార తలాన్ని ముందుగా సరిచూసుకోవాలి. కార్టోడెమ్ అయితే జియాయిడ్ సవరణ చేయాలి.
* జిల్లా అంతటికీ ఒకే విరామాలు, ఒకే రంగులు నిర్ణయించి ఆ శైలిని ఫైలుగా భద్రపరచి అన్ని మండలాలకూ వాడాలి.
* మైదానంలో తరగతి వెడల్పు 20 మీటర్లకు తగ్గకుండా, మొత్తం తరగతులు 8కి మించకుండా చూడాలి. విరామం ఊరి ఎత్తుపై పడకూడదు.
* ఆకుపచ్చను మొక్కలకు, నీలాన్ని నీటికి, ఎరుపును హెచ్చరికకు వదిలివేయాలి.
* ముద్రణకు ముందు ఒక జిరాక్సు ప్రతి తీసి, లేత నుంచి ముదురుకు వరుస నిలిచిందో లేదో చూడాలి.
* సూచికలో రంగుతో పాటు మీటర్లు రాయాలి. ఆధార డీఈఎం పేరు, సంవత్సరం పటంపైనే ఉండాలి.

చివరి పరీక్ష గ్రామంలో జరగాలి. పటాన్ని రైతుల ముందు పరచి, తెలిసిన రెండు చోట్లు చూపి, వీటిలో ఏది ఎత్తు, వర్షపు నీరు ఎటు పోతుంది అని అడగాలి. నేల మీద ఆ సంగతి వారికి క్షుణ్ణంగా తెలుసు. పటం చూసి వారు చెప్పిన జవాబు నేల మీది వాస్తవానికి భిన్నంగా ఉంటే లోపం వారి చదువులో లేదు, పటం రంగులలో ఉంది. అప్పుడు విరామాలను సరిచేసి తిరిగి తీసుకువెళ్లాలి. వేగావతి ఒడ్డున మడి చేసే రైతుకూ, కొండపై చోడి చల్లే గిరిజనుడికీ తమ నేల ఎక్కడుందో వెంటనే గుర్తుపట్టగలిగేలా చూపించినప్పుడే ఎత్తుల పటం విస్తరణ సాధనంగా నిలుస్తుంది.